ఇంటిల్లిపాదీ సాధన: సభ్యులకు వార్షిక కార్యకలాపాల నివేదిక

గౌరవ సభ్యులకు, వారి ఇంటివారికి నమస్కారం.

ఈ ఏడాది సంఘం రెండు పనులు చేపట్టింది. ఒకటి, తొలిసారి ట్రయాథ్లాన్‌కు, అంటే ఈత, సైకిలు, పరుగు ఒకదాని వెంట ఒకటి చేసే పోటీకి, సిద్ధమయ్యేవారికి 12 వారాల సాధన. రెండోది, పుట్టినరోజులు, పెళ్లిరోజులు, పెద్దల జ్ఞాపకదినాలు ఇంటివాళ్లంతా కలిసి జరుపుకోవడానికి తోడ్పాటు. మొదట వీటికి వేర్వేరు కమిటీలుండేవి. కొద్ది నెలలకే రెంటినీ కలిపేశాం. సాధన ఎక్కడ తెగిపోయినా దాని మూలం ఇంటి వేళల్లోనే తేలుతోంది: తెల్లవారుజామున ఒకరు ఈతకు వెళ్తే, పిల్లల్ని లేపి బడికి తయారుచేసే పనంతా ఇంకొకరి మీద పడుతోంది. వేడుకలదీ అదే కథ. తీరిక దొరికినప్పుడు చూద్దామనుకున్న పెళ్లిరోజు, సాధన షెడ్యూలు కింద పడి నలిగిపోతోంది.

వేళల లెక్క

ఎంచుకున్న దూరాన్ని బట్టే ఇంటి మీద బరువు పడుతుంది. స్ప్రింట్ ట్రయాథ్లాన్‌లో 750 మీటర్ల ఈత, 20 కిలోమీటర్ల సైకిలు, 5 కిలోమీటర్ల పరుగు. 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌తో ఒలింపిక్ క్రీడగా మారిన పోటీ దూరం దీనికి రెట్టింపు: 1.5, 40, 10 కిలోమీటర్లు. 1978లో హవాయిలో మొదలైన ఐరన్‌మ్యాన్ సంగతే వేరు: 3.8 కిలోమీటర్ల ఈత, 180 కిలోమీటర్ల సైకిలు, ఆపైన నిండు మారథాన్. స్ప్రింట్‌కు వారానికి నాలుగు నుంచి ఆరు గంటలు సరిపోతాయి. ఐరన్‌మ్యాన్‌కు సెలవురోజు సైకిలు సాధన ఒక్కటే అయిదారు గంటలు తినేస్తుంది. ఇంట్లో చంటిబిడ్డ ఉన్నా, ఎప్పుడూ ఒకరు కనిపెట్టుకుని ఉండాల్సిన పెద్దవాళ్లున్నా మొదటి ఏడాది స్ప్రింట్ దాటవద్దని కార్యవర్గం చెప్పింది. ఇప్పుడూ అదే చెబుతోంది.

చాలామంది లెక్క తప్పేది ఇంకోచోట. గంట ఈత అని రాసుకుంటారు. వెళ్లిరావడం, బట్టలు మార్చుకోవడం, స్నానం కలిపితే అది రెండు గంటలవుతుంది. అందుకే సాధన పట్టికలో గుమ్మం దాటిన నిమిషం నుంచి మళ్లీ గుమ్మంలో అడుగుపెట్టేదాకా రాయమన్నాం. ఆదివారం సాయంత్రం ఇరవై నిమిషాలు ఇంట్లో అందరూ కూర్చుని వారం పట్టిక వేసుకోవాలి. ముందుగా ఇంటి తేదీలు: పరీక్షలు, ఆసుపత్రి, పుట్టినరోజులు. తర్వాత, సాధన చేయని భాగస్వామికి సొంతంగా కావలసిన గంటలు. ఆ తర్వాతే వదలకూడని మూడు సాధనలు, అంటే ఒక ఈత, ఒక సైకిలు, ఒక పరుగు. మిగిలినవి ఖాళీ ఉంటే పడతాయి, లేకపోతే లేదు. పిల్లలకు జ్వరం వచ్చి వారమంతా పోతే, ఆ బాకీని వచ్చే వారం మీద వేయకూడదు. పోయిన దూరాన్ని ఒకేసారి రాబట్టాలని చూస్తే పిక్కలో, మోకాలి కింద నొప్పి మొదలై ఇంకో మూడు వారాలు పోతాయి.

సాధనలో ఎదురయ్యేవి

మూడు వారాలు కొంచెం కొంచెంగా పెంచి, నాలుగో వారం మూడో వంతు తగ్గించడం ప్రణాళికకు వెన్నెముక. అయిదో వారం నుంచి వారానికోసారి బ్రిక్ సాధన, అంటే సైకిలు దిగీదిగగానే పరుగు. మొదట పది నిమిషాలు చాలు. కాళ్లు దుంగల్లా అనిపిస్తాయి. అంతసేపూ సీటు మీద కూర్చుని గుండ్రంగా తిరిగిన కాళ్లు ఒక్కసారిగా ఒంటి బరువంతా మోయాలి మరి. సైకిలు చివరి అయిదు నిమిషాలు తేలిక గేరులో కాళ్లు వేగంగా తిప్పితే కొంత హాయి. సైకిలు వేగానికి అలవాటుపడ్డ కంటికి పరుగు నెమ్మదిగా తోచి, చాలామంది మొదటి కిలోమీటరు అవసరానికి మించి ఉరుకుతారు. అక్కడ అణచుకున్నవాళ్లే చివరి కిలోమీటరు పరుగెత్తగలుగుతారు.

కొలనులో బాగా ఈదేవాళ్లు కూడా చెరువులోకి దిగితే తడబడతారు. అడుగున గీత ఉండదు, గోడ ఉండదు. ఆరు నుంచి పది బారలకోసారి కళ్లు మాత్రం నీటి పైకి తెచ్చి గుర్తు చూసుకోవాలి. తల మొత్తం ఎత్తితే నడుము మునిగి వేగం పోతుంది. నీళ్లు చల్లగా ఉంటే మొదటి ఒకటి రెండు నిమిషాలు ఊపిరి మన అదుపులో ఉండదు. దూకకుండా మెల్లగా దిగి, ముఖం తడుపుకుని, వెల్లకిలా తేలుతూ ఊపిరి కుదుటపడేదాకా ఆగాలి. ఒంటరిగా ఎవరూ దిగకూడదన్నది సంఘం నియమం. దీనికి మినహాయింపు లేదు.

ఈ ఏడాది సమావేశాల్లో అన్నిటికంటే ఎక్కువసార్లు చేయించింది పంచరు మార్పిడి. టైరును రిమ్ము నుంచి పైకి లేపే టైరు లీవర్లు రెండు, సరైన కొలత ట్యూబు ఒకటి, చేతి పంపు ఒకటి ఉండాలి. కొత్త ట్యూబు కూడా వెంటనే పోవడానికి కారణాలు ప్రధానంగా రెండు: ముల్లో గాజుముక్కో టైరులోనే ఉండిపోవడం, లేదా ట్యూబు టైరు అంచుకూ రిమ్ముకూ మధ్య నలగడం. పాత ట్యూబులో గాలి కొట్టి చిల్లు ఎక్కడుందో చూస్తే, టైరులో వెతకాల్సిన చోటు తెలుస్తుంది. టైరు లోపల గుడ్డతో చుట్టూ తుడిస్తే ముల్లు గుడ్డకు తగులుకుంటుంది. కొత్త ట్యూబుకు గుండ్రని ఆకారం వచ్చేంత గాలి ముందే పట్టించి లోపల అమర్చాలి. టైరు చివరి జానెడు అంచును లీవరుతో కాక బొటనవేళ్లతో ఎక్కించాలి. గాలి కొట్టే ముందు రెండువైపులా టైరును వేళ్లతో పక్కకు తీసి, ట్యూబు ఎక్కడా తొంగిచూడటం లేదని చూసుకోవాలి. టైరు పక్కన అచ్చు వేసిన అంకె గరిష్ఠ పరిమితి. అంతవరకూ కొట్టాలని కాదు.

పోటీరోజు ఈత నుంచి సైకిలుకు మారేచోట నియమం ఒక్కటి గుర్తుంటే చాలు: హెల్మెట్ పట్టీ బిగించాకే సైకిలు స్టాండు నుంచి తీయాలి, తిరిగొచ్చి సైకిలు స్టాండుకు పెట్టాకే పట్టీ విప్పాలి. పిల్లలతో ఇంటి ముందు తువ్వాలు పరిచి ఆటలా చేయిస్తే పెద్దవాళ్లకే ఎక్కువ అలవాటవుతుంది.

చూడటానికి వచ్చే కుటుంబానికి ఒక కాగితం ఇవ్వండి. ఈత నుంచి బయటికి వచ్చే వేళ, సైకిలు దిగే వేళ, ముగింపు వేళ, ప్రతిదానికీ తొందరైతే ఇంత, ఆలస్యమైతే ఇంత అని రెండు అంకెలు. ఒక్క అంకె రాస్తే, అది దాటిన పది నిమిషాలకే ఇంట్లోవాళ్ల గుండెలు దడదడలాడతాయి. ముగిశాక కలుసుకునే చోటు కూడా అందులో ఉండాలి. పోటీలో ఉన్నవారి దగ్గర ఫోను ఉండదు.

అందరూ మూడూ చేయనక్కర్లేదు. రిలే విభాగం ఉన్న పోటీల్లో ఒకరు ఈది, ఒకరు తొక్కి, ఒకరు పరుగెత్తవచ్చు. చీలమండకు కట్టిన టైమింగ్ చిప్, అంటే పట్టిన సమయాన్ని నమోదు చేసే చిన్న పరికరం, చేతులు మారుతుంది. ఈ సందర్భంగా అమెరికాకు చెందిన డిక్, రిక్ హోయిట్ తండ్రీకొడుకుల గురించి ఒక సాయంత్రం మాట్లాడుకున్నాం. సెరిబ్రల్ పాల్సీ వల్ల ఒంటి కదలికలు అదుపులో లేని కొడుకును తండ్రి ఈతలో రబ్బరు పడవలో కూర్చోబెట్టి లాగాడు, సైకిలు ముందు సీటులో కూర్చోబెట్టుకుని తొక్కాడు, చక్రాల కుర్చీలో తోస్తూ పరుగెత్తాడు. ఐరన్‌మ్యాన్ కూడా అలాగే పూర్తిచేశారు. ఇంటికి దూరంగా సాగే సాధన కంటే ఇంటివాళ్లను వెంట తీసుకెళ్లే సాధన ఈ సంఘానికి దగ్గర.

వేడుకలు

ప్రతి ఇంటికీ తేదీల పుస్తకం ఒకటి పెట్టించాం. ప్రతి తేదీకీ నాలుగు వారాల ముందు ఒక గుర్తు, వారం ముందు ఇంకొకటి. పోటీకి పేరు నమోదు చేసే ముందు ఈ పుస్తకం తెరవాలి. తర్వాత తెరిస్తే పనికిరాదు.

పెద్దవాళ్లను ఆశ్చర్యపరచాలని చడీచప్పుడు లేకుండా చేసే వేడుకలు తరచూ బెడిసికొడతాయి. వినికిడి తగ్గినవారికి గదినిండా ఒకేసారి మాటలు వినిపిస్తే ఏదీ అర్థం కాదు. మరపు జబ్బు ఉన్నవారు బెదిరిపోతారు. నలుగురైదుగురు, పగటి వెలుతురు, ఒకసారికి ఒకరే మాట్లాడటం, గంటన్నరకు మించకపోవడం మేలు. ఎవరి వేడుకో వారినే ముందు అడగండి. ఎవరైనా పోయిన తర్వాత వచ్చే మొదటి ఏడాది జ్ఞాపకదినం విషయంలో ఇది మరీ ముఖ్యం. కొందరికి నలుగురూ కావాలి, కొందరికి ఎవరూ వద్దు.

పెద్దల గొంతు రికార్డు చేసేవారికి: ఫోనును మడిచిన గుడ్డ మీద మూరెడు దూరంలో పెట్టండి, ఫ్యాను ఆపండి, అరగంటకోసారి విరామం ఇవ్వండి. "మీ జీవితం గురించి చెప్పండి" అంటే మాట రాదు. పాత ఫొటో ఒకటి చేతికిచ్చి, ఇందులో పక్కనున్నది ఎవరని అడిగితే ఆగకుండా వస్తుంది. ఫైలుకు పేరు, సంవత్సరం పెట్టి రెండు వేర్వేరు చోట్ల దాచండి. ఫొటోల వెనక పేర్లు మెత్తటి పెన్సిలుతో, అంచు దగ్గర రాయండి. బాల్‌పెన్ను ఒత్తిడి ముందువైపు తేలుతుంది. ప్లాస్టిక్ పూత ఉన్న ఫొటోల మీద పెన్సిలు పడదు కాబట్టి వాటిని కాగితపు కవరులో పెట్టి కవరు మీద రాయాలి.

వచ్చే ఏడాది

పిల్లల సైకిళ్లు, హెల్మెట్లు ఇచ్చిపుచ్చుకునే అల్మరా మొదలుపెడుతున్నాం. హెల్మెట్ కనుబొమలకు రెండు వేళ్ల పైన నిలవాలి, పట్టీలు చెవి కింద కలవాలి, గడ్డం కింద ఒకటి రెండు వేళ్లు మాత్రమే దూరాలి. పొట్టివైపోయిన సైకిళ్లు, జోళ్లు, ఈత కళ్లద్దాలు తెచ్చివ్వండి. ఒక్కసారైనా గట్టిగా దెబ్బ తిన్న హెల్మెట్ మాత్రం ఇవ్వకండి: పైకి బీట కనిపించకపోయినా లోపలి నురగ నలిగి ఉంటుంది, రెండో దెబ్బకు ఆగదు. అలాంటిదాని పట్టీలు కత్తిరించి పారేయండి, ఇంకో పిల్లవాడి తలకు చేరకుండా.

కార్యవర్గం