పాట ఆపే అధికారం ఎవరిది?

సంపాదకుల వారికి,

నమస్కారం. గత నెల నలుగురు స్నేహితులతో కలిసి ఒక రాక్ కచేరీకి వెళ్ళాను. మా ఐదుగురం కాలేజీ రోజుల నుంచి ఆ బృందం పాటలు వింటూ పెరిగినవాళ్ళం కనుక, టికెట్లు చేతికొచ్చిన రోజు నుంచి కచేరీ రోజు దాకా మా మధ్య మరో మాట లేదు. అవి కుర్చీలు లేని టికెట్లు, ముందు వచ్చినవారిదే ముందు చోటు. అందుకని మధ్యాహ్నమే వెళ్ళి వరుసలో నిలబడి, వేదిక ముందున్న ఇనుప బారికేడ్‌కు రెండు మూడు వరుసల వెనక చోటు సంపాదించుకున్నాం. ఆ రాత్రి మేం చూసిన ఒక లోపాన్ని నిర్వాహకుల దృష్టికీ, ఇలాంటి కార్యక్రమాలకు అనుమతులిచ్చే అధికారుల దృష్టికీ మీ పత్రిక ద్వారా తీసుకురావాలని ఈ లేఖ రాస్తున్నాను.

దీపాలు ఆరి, చీకట్లో డ్రమ్ముల మీద మొదటి దెబ్బ పడగానే వెనకనున్న జనం ఒక్కసారిగా ముందుకు జరిగారు. ఎవరూ ఎవరినీ కావాలని తొయ్యలేదు. వెనక వరుసల్లో ఒక్కొక్కరు ఒక్కో అడుగు వేసి ఉంటారు, అంతే. ఆ అడుగులన్నీ కలిసి మా దగ్గరికి వచ్చేసరికి మోయలేని బరువయ్యాయి. మూడో పాట వచ్చేసరికి నా చేతులు పైకెత్తడానికి వీల్లేకుండా పక్కలకు అదుముకుపోయాయి. మాలో అందరికంటే పొట్టిగా ఉండే స్నేహితురాలి ముఖం ముందున్న మనిషి వీపుకు ఆనుకుపోయింది. తెరిచిన ఆమె నోటిని చూసి అరుస్తోందని తెలుసుకున్నానే తప్ప, జానెడు దూరంలో ఉన్న నాకు ఆ అరుపు వినిపించలేదు. ఎలాగోలా చేతులు విడిపించుకుని ఆమెను చంకల కింద పట్టి పైకెత్తితే, ముక్కూ మొహం తెలియని కుర్రాళ్ళు చేతుల మీదుగా ముందుకు అందించారు. బారికేడ్ అవతలి భద్రతా సిబ్బందిలో ఒకాయన ఆమెను తన వైపుకు లాగి, నేలమీద కూర్చోబెట్టి, కాగితపు గ్లాసుతో నీళ్ళు ఇచ్చాడు. రెండు చేతులతో పట్టుకున్నా ఆ గ్లాసులో నీళ్ళు తొణుకుతూనే ఉన్నాయి.

అంతకు ముందే ఆయన టార్చిలైటు ఊపుతూ, జనం మధ్యలో ఎత్తుగా కట్టిన, ధ్వనిని నియంత్రించే సౌండ్ మిక్సింగ్ డెస్క్ వైపు సైగలు చేయడం నేను చూశాను. అటునుంచి ఏ స్పందనా రాలేదు; పాట మీద పాట సాగిపోయింది. కచేరీ అయ్యాక ఆయన్ను వెతుక్కుంటూ వెళ్ళి, కృతజ్ఞత చెప్పి, కాసేపు ఎందుకు ఆపించలేదని అడిగాను. "ఆపమని చెప్పే అధికారం నాకు లేదమ్మా. ఎవరికి ఉందో కూడా మాకు చెప్పలేదు" అన్నాడు. ఆ మాటే నా చేత ఈ లేఖ రాయిస్తోంది.

ఇలాంటి చోట్ల ప్రాణాలు పోయినప్పుడల్లా మనం 'తొక్కిసలాట' అంటాం. ఆ మాటలోనే తప్పు జనానిదన్న తీర్పు దాగి ఉంది. వాస్తవానికి ఈ మరణాల్లో ఎక్కువ భాగం కాళ్ళ కింద పడి నలిగినవి కావు. నిలబడ్డచోటే ఛాతీ మీద అన్ని వైపుల నుంచీ ఒత్తిడి పడి, ఊపిరి తీసుకోవడానికి పక్కటెముకలు విచ్చుకునే సందు లేక సంభవించినవి. చదరపు మీటరుకు ఆరేడుగురు చేరారంటే ఆ గుంపు మనుషుల్లా కాక నీళ్ళలా ప్రవర్తిస్తుంది. ఒకచోట పుట్టిన తోపు అలలా పాకి మరోచోట తగులుతుంది, దాని ధాటికి ఉక్కు కడ్డీలు సైతం వంగిపోయిన సందర్భాలున్నాయి. ఇక్కడే అసలు చిక్కుంది. వెనకనున్నవారికి ముందు ఏం జరుగుతోందో కనిపించదు. ముందున్నవారికి తెలుసు, కానీ వారి గొంతు ఎవరికీ వినిపించదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో ప్రకటించిన ప్రమాణం ప్రకారం వినోద వేదికల్లో ధ్వని పదిహేను నిమిషాల సగటున 100 డెసిబెల్స్ దాటకూడదు. ఆ పరిమితిని తు.చ. తప్పక పాటించినచోట కూడా పక్కవాడి కేక పాటలో కలిసిపోతుంది. అంత పెద్ద జనసమూహంలో ప్రతి ఒక్కరికీ వినిపించే గొంతు ఒక్కటే, అది వేదిక మీది మైకు.

గతం చూస్తే ఈ మాట ఇంకా స్పష్టమవుతుంది. 1979 డిసెంబరు 3న అమెరికాలోని సిన్సినాటిలో ది హూ బృందం కచేరీకి వచ్చినవారిలో 11 మంది తలుపుల దగ్గరి ఒత్తిడిలోనే చనిపోయారు. తెరిచిన తలుపులు కొన్నే. లోపల సంగీతం మొదలైపోయిందని బయటివారు అనుకున్నారు. మధ్యలో ఆపితే జనం తిరగబడతారన్న భయంతో కచేరీని పూర్తిగా నడిపించి, అంతా ముగిశాకే బృందానికి విషయం చెప్పారు. ఆ వెంటనే ఆ నగరం, సీటు నంబరు లేని టికెట్లను నిషేధించింది. 2004 దాకా ఆ నిషేధం అమల్లో ఉంది. 2000 జూన్ 30న డెన్మార్క్‌లోని రోస్కిల్డే ఉత్సవంలో పెర్ల్ జామ్ బృందం వాయిస్తుండగా వేదిక ముందు ఒత్తిడిలో చిక్కుకొని 9 మంది యువకులు ప్రాణాలు కోల్పోయారు. విషయం తెలిసిన గాయకుడు ఎడ్డీ వెడ్డర్ పాట ఆపి, లెక్కపెట్టి మూడు అడుగులు వెనక్కి వేయమని జనాన్ని వేడుకున్నాడు. కానీ ఆ విషయం ఆయనకు చేరేసరికే ఆలస్యమైపోయింది. 2021 నవంబరు 5న హ్యూస్టన్‌లో ఆస్ట్రోవరల్డ్ ఉత్సవంలో, అది రాక్ కాదు, ర్యాప్ కచేరీ, దాదాపు 50 వేల మంది హాజరైన చోట 10 మంది చనిపోయారు. వారిలో అందరికంటే చిన్నవాడి వయసు 9 ఏళ్ళు. అగ్నిమాపక అధికారులు దాన్ని పెద్ద ప్రమాదంగా గుర్తించాక కూడా దాదాపు అరగంట సేపు ప్రదర్శన సాగింది. ప్రదర్శనను ఆపే అధికారం ఇద్దరికి మాత్రమే ఉన్నట్టు నిర్వాహకుల ప్రణాళిక పత్రంలోనే రాసి ఉందని తర్వాత పత్రికలు బయటపెట్టాయి. ఆ వార్త చదివినప్పుడు నాకు మా టార్చిలైటు ఆయనే గుర్తొచ్చాడు.

ఆపితే గొడవ జరుగుతుందన్న వాదనను నేను తేలిగ్గా తీసిపారేయను. డబ్బు పెట్టి, గంటల తరబడి ఎదురుచూసి వచ్చిన జనానికి కోపం రావడం సహజం. అయితే కాసేపు ఆపడం వేరు, రద్దు చేయడం వేరు. సంగీతం ఆగి, దీపాలు వెలిగి, తాము ప్రేమించే గాయకుడే "ఇక్కడ ఒకరికి ఊపిరి ఆడటం లేదు, రెండు అడుగులు వెనక్కి వెయ్యండి" అని చెబితే వినని అభిమాని ఉంటాడని నేననుకోను. రాక్ కచేరీ అంటే తాగి గెంతే గుంపు అనుకునేవారికి ఒక్క విషయం చెప్పాలి. వేదిక ముందు అభిమానులు ఒకరినొకరు తోసుకుంటూ గెంతే చోటైన మాష్ పిట్‌లో ఎంత ఉధృతంగా ఎగురుతున్నా, ఎవరైనా కింద పడితే చుట్టూ ఉన్నవారు వెంటనే చేతులు అడ్డుపెట్టి లేపుతారు. ఏ బోర్డు మీదా రాయని ఈ నియమాన్ని కొత్తగా వచ్చినవారు కూడా మొదటి పాటకే నేర్చుకుంటారు. ఆ రాత్రి నా స్నేహితురాలిని కాపాడింది అలాంటి చేతులే.

నా విన్నపం ఇది. నిలబడి చూసే ప్రతి పెద్ద కచేరీకి అనుమతి ఇచ్చేటప్పుడే, సంగీతాన్ని తక్షణం నిలిపివేయగల వ్యక్తి ఎవరో పేరుతో సహా రాయించాలి. ఆ వ్యక్తి తెర వెనక గదిలో కాక, బారికేడ్ కనిపించే ఎత్తైన చోట ఉండాలి. ముందు వరుసలోని భద్రతా సిబ్బందికీ, మిక్సింగ్ డెస్క్‌కూ, వేదిక పక్కనున్నవారికీ ఆ మనిషితో నేరుగా మాట్లాడే వైర్‌లెస్ సెట్లు ఉండాలి. బారికేడ్ దగ్గరున్న సిబ్బందిలో ఎవరు సైగ చేసినా, కారణం అడగకుండా ముందు ఆపి తర్వాత విచారించాలి. గాయకులకు కూడా ఆ సైగ ఏమిటో కచేరీకి ముందే చూపించాలి. ప్రేక్షకులు ఆపద చెప్పుకోవడానికి చేతులతో చేయగల ఒక గుర్తును టికెట్ మీద అచ్చువేసి, దీపాలు ఆర్పే ముందు తెర మీద చూపిస్తే అరుపు వినిపించనిచోట అదే మాటవుతుంది. వేదిక ముందు స్థలాన్ని అడ్డుకట్టలతో భాగాలు చేసి, ఒక్కో భాగంలోకి లెక్కపెట్టి పంపే పద్ధతిని రోస్కిల్డే ఆ విషాదం తర్వాత అమలులోకి తెచ్చింది. దానికి స్థలం, ఖర్చు కావాలి, ఒక్కరోజులో అయ్యేది కాదని ఒప్పుకుంటాను. కానీ ఒక పేరు రాయడానికీ, నాలుగు వైర్‌లెస్ సెట్లు ఇవ్వడానికీ అయ్యే ఖర్చు వేదిక మీది పొగ యంత్రాల ఖర్చు కంటే తక్కువే ఉంటుంది.

నా స్నేహితురాలు వారం రోజులు పక్కటెముకల నొప్పితో బాధపడి కోలుకుంది. మరో బృందం కచేరీకి మళ్ళీ టికెట్లు కొందామన్నది కూడా ఆమే. ఈసారి కొనే ముందు ఆ నిర్వాహకులకు ఒక ప్రశ్న రాసి పంపాం: "మీ కచేరీలో పాట ఆపే అధికారం ఎవరికి ఉంది?" పన్నెండు రోజులైంది, ఇంకా జవాబు రాలేదు. మీ పాఠకుల్లో కచేరీలకు వెళ్ళేవారు కూడా టికెట్లు కొనే ముందు ఇదే ప్రశ్న అడగాలని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక రాక్ సంగీతాభిమాని