మోరిస్ ఆక్స్‌ఫర్డ్ బోనెట్ ఎత్తించి చూశాను, నాన్నా

నాన్నా,

నమస్కారాలు. నేను కులాసాగా ఉన్నాను. అమ్మని అడిగానని చెప్పండి. ఇది ఫోన్‌లో హడావుడిగా చెప్పే సంగతి కాదు. మీరు కళ్లజోడు పెట్టుకుని నింపాదిగా చదువుకోవాలి, అందుకే కాగితం మీద పెడుతున్నాను.

పోయిన ఆదివారం ఇక్కడ ఇంగ్లండ్‌లో పాత కార్ల ప్రదర్శన జరిగితే వెళ్లాను. పెద్ద పచ్చిక మైదానం, వరసలు వరసలుగా కార్లు, ఒక్కో కారు పక్కన మడత కుర్చీ వేసుకుని దాని యజమాని. మ్యూజియంలోలా తాడు కట్టి మనల్ని దూరంగా నిలబెట్టరు. అడిగితే బోనెట్ ఎత్తుతారు, సీట్లో కూర్చోమంటారు, ఎక్కడెక్కడ తుప్పు పట్టిందో కూడా దాచకుండా చూపిస్తారు.

రెండో వరసలో అంబాసిడర్ కనబడింది. గబగబా దగ్గరికి వెళ్తే అది అంబాసిడర్ కాదు, మోరిస్ ఆక్స్‌ఫర్డ్ సిరీస్ త్రీ. 1956లో ఇంగ్లండ్‌లో వచ్చిన మోడల్, మన అంబాసిడర్‌కి మూలం అదే. ముందు గ్రిల్ వేరు, బ్యాడ్జి వేరు. కానీ ఆ గుండ్రటి వీపు, తలుపు వెయ్యగానే వచ్చే ఆ బరువైన చప్పుడు, స్టీరింగ్ పక్కన హ్యాండ్ గేరు, అన్నీ మనకి తెలిసినవే. ఇక్కడ ఈ కారు తయారీ 1959కే ఆగిపోయింది. కలకత్తా దగ్గర ఉత్తరపారాలో హిందుస్థాన్ మోటార్స్ వాళ్లు 2014 దాకా చేస్తూనే ఉన్నారని చెప్తే దాని యజమాని కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. అంబాసిడర్ సంగతి ఆయనకి తెలుసు గానీ, 2014 దాకా అని తెలియదట. డెబ్బై దాటిన మనిషి, చేతి గీతల్లో ఇంకా గ్రీజు ఉంది. మా నాన్న ఆ బండి నడిపారు, రిపేరు కూడా ఆయనే చేసుకునేవారు అన్నాను. ఇంక నన్ను వదల్లేదు.

బోనెట్ ఎత్తాడు. 1489 సీసీ ఇంజన్, ఎడమవైపు పెట్రోలునీ గాలినీ కలిపే ఎస్‌యూ కార్బొరేటర్, కుడివైపు ప్లగ్గులకి కరెంటు పంచే లూకాస్ డిస్ట్రిబ్యూటర్. ఏది ఎక్కడుంటుందో నేను ఆయన చెప్పకముందే చూపించాను. టార్చిలైటు పట్టుకుని మీ పక్కన నిలబడిన సాయంత్రాలు ఊరికే పోలేదు నాన్నా. ప్లగ్గులు ఊడదీసి, నల్లగా ఉందా గోధుమరంగులో ఉందా చూసి, పెట్రోలు ఎక్కువ పడుతోందో తక్కువ పడుతోందో మీరు చెప్పేవారు. ఆయన కూడా అచ్చం అలాగే ఒక పాత ప్లగ్గు జేబులోంచి తీసి నాకు చూపించాడు. రెండు వరసల అవతల ఎర్రటి ఎంజీబీ స్పోర్ట్స్ కారు ఉంది. దాని ఇంజన్ కూడా ఈ వంశంలోదేనట, 1798 సీసీకి పెంచారు. మన అంబాసిడర్‌కి ఇలాంటి సోకైన చుట్టం ఉందని మీకు చెప్పాలని అప్పుడే అనుకున్నాను.

ఎస్‌యూ కార్బొరేటర్ గురించి ఆయన చెప్పిన సంగతి మీకు బాగా నచ్చుతుంది. దాన్ని కనిపెట్టిన స్కిన్నర్ సోదరులది చెప్పుల వ్యాపారం చేసే కుటుంబం. మనకి తెలిసిన కార్బొరేటర్‌లో పిస్టన్ పైకీ కిందికీ ఆడుతుంది కదా, మొదట్లో ఆ పని తోలుతిత్తి చేసేదట. చెప్పుల ఇంటివాళ్లకి తోలుతో ఏం చెయ్యొచ్చో తెలియకుండా ఉంటుందా! తర్వాతే తిత్తి పోయి లోహపు పిస్టన్ వచ్చింది.

మోరిస్ మైనర్లు చాలా వచ్చాయి, వాటికోసం ఒక వరస మొత్తం ఇచ్చేశారు. 1948లో వచ్చిన ఈ కారుని గీసింది అలెక్ ఇసిగోనిస్, తర్వాత 1959లో మినీని చేసింది కూడా ఈయనే. మైనర్ నమూనా సిద్ధమయ్యాక చూస్తే మరీ సన్నగా ఉన్నట్టు ఆయనకి అనిపించిందట. మెకానిక్కుల చేత కారుని ముందు నుంచి వెనక దాకా నిలువునా కోయించి, రెండు ముక్కల్నీ మెల్లగా ఎడం జరిపిస్తూ చూశాడు. నాలుగు అంగుళాల దగ్గర కంటికి సరిపోయింది, ఆగమన్నాడు. ఆ నాలుగు అంగుళాలు ఈ రోజుకీ కనబడతాయి. బోనెట్ మధ్యలో ముందు నుంచి వెనక్కి ఒక పట్టీలా ఉంటుంది చూడండి, అదే. అప్పటికే బంపర్లు తయారైపోయి ఉండటంతో, మొదటి కార్లకి వాటిని కూడా మధ్యలో కోసి అతుకు వేశారు. కోటానుకోట్ల పెట్టుబడితో మొదలయ్యే పని చివరికి ఒక మనిషి కంటి లెక్కకి తలవంచడం నాకు ఎంతో బాగుంది. బ్రిటన్‌లో మొట్టమొదట పది లక్షలు దాటిన కారు కూడా ఇదే.

మధ్యాహ్నం ఒక మూల జనం గుమిగూడితే వెళ్లాను. ఫోర్డ్ మోడల్ టీని స్టార్ట్ చెయ్యబోతున్నారు. 1908 నుంచి 1927 దాకా కోటిన్నర తయారైన కారు అది. దాన్ని నడపాలంటే మీరు కూడా మొదటినుంచి నేర్చుకోవాల్సిందే! కింద మూడు పెడళ్లు ఉంటాయి కానీ యాక్సిలరేటర్ వాటిలో లేదు, స్టీరింగ్ కింద కుడిచేతి వైపు లివర్‌గా ఉంటుంది. ఎడమ పెడల్ పూర్తిగా తొక్కి పట్టుకుంటే లో గేరు, వదిలేస్తే హై గేరు. మధ్యది రివర్సు, కుడిది బ్రేకు. పెట్రోలు పంపు లేదు, ట్యాంకు నుంచి కార్బొరేటర్‌కి వాలుకే పారాలి. అందువల్ల ట్యాంకులో పెట్రోలు తక్కువగా ఉన్నప్పుడు నిటారైన ఎత్తు వస్తే కారుని తిప్పి రివర్సులో ఎక్కించేవాళ్లట.

ఆ రోజు హ్యాండిల్ తిప్పింది పద్ధెనిమిది, ఇరవై ఏళ్ల అమ్మాయి. వాళ్ల తాతగారు పక్కనే నిలబడి ఒక్కో అడుగూ చెప్తున్నాడు. ముందు స్పార్క్ లివర్ పైకి నెట్టి, నిప్పురవ్వ పడే టైమింగ్ వెనక్కి తెచ్చింది, లేకపోతే ఇంజన్ ఎదురు తన్ని మణికట్టు విరుగుతుంది. బొటనవేలు హ్యాండిల్ చుట్టూ వెయ్యకుండా మిగతా వేళ్ల పక్కనే పెట్టి, ఎడమచేత్తో కింది నుంచి పైకి లాగింది. రెండోసారికి ఇంజన్ అందుకుంది. చుట్టూ ఉన్నవాళ్లు చప్పట్లు కొట్టారు, నేను ఇంకా గట్టిగా కొట్టాను. నిగనిగలాడే కార్లు ఎన్ని ఉన్నా నా లెక్కలో ఆ రోజు బహుమతి ఆ పిల్లదే. ఏ కారైనా డబ్బు పెట్టి దాచుకోవచ్చు, కానీ బొటనవేలు ఎక్కడ పెట్టాలో పక్కన నిలబడి చెప్పే మనిషి కావాలి.

రంగు విషయంలో మాత్రం అక్కడ రెండు మతాలు ఉన్నాయి. కొందరు టింకరింగ్ చేయించి, కొత్త పెయింటు వేయించి, షోరూమ్‌లోంచి వచ్చినప్పటికంటే మెరిసేలా పెడతారు. ఇంకొందరు ఏమీ ముట్టుకోరు. అలాంటి ఆస్టిన్ సెవెన్ ఒకటి చూశాను. 1922 నుంచి 1939 దాకా చేసిన బుల్లి కారు అది. బీఎండబ్ల్యూ వాళ్లు కార్లలోకి దిగింది కూడా, లైసెన్సు మీద దీన్ని తయారుచేస్తున్న జర్మన్ కంపెనీని 1928లో కొనుక్కునే. నేను చూసినదానికి మడ్‌గార్డుల మీద రంగు పలచబడి ఇనుము కనబడుతోంది, డ్రైవరు సీటు తోలు ఒక పక్కకి నలిగిపోయింది. ఇంజన్, బ్రేకులు, వైరింగు మాత్రం ఏ లోటూ లేకుండా పెట్టుకున్నారు. నేను ఈ రెండోవాళ్ల పక్షం. ఆ సీటు మీద ఎవరెవరు కూర్చుని ఎక్కడెక్కడికి వెళ్లారో ఆ నలుగుడులోనే ఉంది, కొత్త తోలు వేస్తే అది పోతుంది. మీరైతే ముందు కమాను పట్టీలు చూసి, తర్వాతే రంగు సంగతి మాట్లాడతారు.

వీటిని నడుపుతూ ఉండటానికి ఇక్కడ చట్టం కూడా కొంత సాయపడుతోంది. 40 ఏళ్లు దాటిన కారుకి రోడ్డు పన్ను లేదు. పెద్ద మార్పులు చెయ్యకుండా ఉంటే ఏటా చేయించే ఫిట్‌నెస్ పరీక్ష కూడా తప్పనిసరి కాదు. ఆక్స్‌ఫర్డ్ ఆయన మాత్రం ఆ పరీక్ష చేయిస్తూనే ఉన్నాడు, బ్రేకుల విషయంలో రెండో కన్ను ఉండాలంటాడు. నాకూ అదే సరైనదనిపించింది. టెన్షన్ అంతా పెట్రోలు దగ్గరే. సీసం కలిపిన పెట్రోలు 2000 నుంచి బంకుల్లో లేదు. సీసం లేకపోతే పాత ఇంజన్లలో ఎగ్జాస్ట్ వాల్వులు ఆనుకునే సీట్లు అరిగి లోపలికి దిగిపోతాయి, అందుకని గట్టి సీట్లు వేయించుకుంటారు, లేదా ట్యాంకులో మందు కలుపుతారు. 2021 సెప్టెంబరు నుంచి మామూలు పెట్రోల్లో పది శాతం దాకా ఇథనాల్ ఉంటోంది. అది పాత రబ్బరు గొట్టాల్ని తినేస్తుంది. ఆయన గొట్టాలన్నీ మార్పించి, ఇథనాల్ తక్కువ ఉన్న సూపర్ పెట్రోలే పోయిస్తున్నాడు.

ఇంతకీ మీకొక పని తెచ్చాను. ఎండాకాలంలో ట్రాఫిక్‌లో నిలబడితే ఆయన కారులో పెట్రోలు దారిలోనే ఆవిరైపోయి ఇంజన్ ఆగిపోతోందట. మీరు తడి గుడ్డ చుట్టేవారు కదా, ఆ మాట చెప్పాను. అది పంపు మీదా, పైపు మీదా, కార్బొరేటర్ దగ్గరా అని అడిగాడు. నాకు గుడ్డ గుర్తుంది గానీ చోటు గుర్తులేదు. డిస్ట్రిబ్యూటర్‌లో పాయింట్ల గ్యాప్ పుస్తకంలో 15 థౌ (అంగుళంలో వెయ్యో వంతులు పదిహేను) అని ఉంది, వేడి ఊళ్లలో మీరూ అంతే పెట్టేవారా, మార్చేవారా అని కూడా తెలుసుకోవాలట. మీరు తెలుగులో వివరంగా రాసి, చిన్న బొమ్మ గీసి, ఫొటో తీసి తమ్ముడి చేత పంపించండి. నేను ఇంగ్లీషులో రాసి ఆయనకిస్తాను. ఆయన ఫోన్ నంబరు తీసుకున్నాను, మీ జవాబు కోసం ఎదురుచూస్తానన్నాడు.

అన్నట్టు, గేరు లివర్ వదులైతే ఏ బుష్ మార్చాలో అది కూడా అందులోనే రాయండి.

మీ
పెద్దమ్మాయి