పోయిన ఆదివారం రామప్ప ట్రిప్పుల జరిగింది ఇదీ

హనుమకొండ, కాజీపేట, వరంగల్ నుంచి ఏండ్ల సంది పిల్లాజెల్లతోటి నా ట్రిప్పులకు వస్తున్న అక్కలకు, అన్నలకు నమస్తే. పోయిన ఆదివారం రామప్ప గుడి, లక్నవరం చెరువు చూద్దామని బయలెల్లిన 24 మంది ములుగు దాటినంక జంగాలపల్లి దగ్గర బండి చెడిపోయి అయిదు గంటలు రోడ్డు మీద కూసున్నరు. రానోళ్లు కూడా ఆ నోట ఈ నోట వినే ఉంటరు. నా నోటితోని కూడా వినాలె.

నేను మాట్లాడుకున్నది రెండేండ్ల కింద కొన్న మినీ బస్సు. ఆరేండ్ల సంది ఒక్క ఓనరు దగ్గరనే తీసుకుంటున్న. కాగితం గీగితం ఏం లేదు, మాట మీదనే నడిచింది. తెల్లారి 5 గంటలకు పబ్లిక్ గార్డెన్ ముందటికి వచ్చింది వేరే పాత బండి. ఎక్కువ కిరాయి వచ్చిందని మంచి బండిని రాత్రే పెండ్లికి పంపిండట. నాకు ఒక్క ఫోను చెయ్యలే. ఆరేండ్ల మనిషి, ఒక్క ఫోను.

అప్పుడు నేను చేసిందే మీకు చెప్పాలె. బండి చుట్టూ తిరిగి చూసిన. టైర్లు పర్వాలేదు, స్టెప్నీ మాత్రం అరిగిపోయి ఉంది. డ్రైవరు గేరు వేస్తే చప్పుడు వచ్చింది. ఆ చప్పుడు నేను విన్న. అవతల చూస్తే పిల్లలు స్వెటర్లు వేసుకొని నిలవడ్డరు. తల్లులు మూడింటికే లేచి పులిహోర చేసుకొచ్చిండ్రు. పదో తరగతి బాబు ఒకడు రామప్ప మీద ప్రాజెక్టు రాస్తానని పెద్ద నోటుబుక్కు పట్టుకొని, నాయనమ్మ చెయ్యి పట్టుకొని నిలవడ్డడు. చదువుకునే పిల్లలకు వారంల దొరికేది ఒక్క ఆదివారం, దాన్ని ఎట్ల పాడు చెయ్యాలె అనుకున్న. పది నిమిషాలు అటూ ఇటూ తిరిగి "ఎక్కుండ్రి" అన్న. ఆ మాట ఓనరుది కాదు, నాది. అప్పటి సంది రోజూ రాత్రి ఆ పది నిమిషాలే యాదికొస్తున్నయి.

క్లచ్ ప్లేటు పోయింది. సామాను వరంగల్ నుంచి రావాలె. మెకానిక్ గంట అన్నడు, ఇంకో గంట అన్నడు, పొద్దు నెత్తి మీదికొచ్చింది. ఆటోలు మాట్లాడి అందరినీ రామప్ప గుడి ఉన్న పాలంపేటకు పంపాల్సింది. అది కూడా నాకు తోచలే.

నా ట్రిప్పుల రామప్పకు రెండున్నర గంటలు. ముందుగాల శాసనం ఉన్న మండపం దగ్గర కూసోబెట్టి, గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు 1213ల ఈ గుడి కట్టించిన ముచ్చట చెప్త. ఆ తర్వాత చూరు కింద నల్లరాతి మదనికలు, అంటే నాట్యం చేసే ఆడవాళ్ల బొమ్మలు. ఆ తర్వాత నీళ్ల మీద తేలేటంత అల్కటి ఇటుకలతోని శిఖరం ఎందుకు కట్టిండ్రు, పునాదిల ఇసుక ఎందుకు నింపిండ్రు అన్నది. 2021ల యునెస్కో గుర్తింపు వచ్చినంక జనం పెరిగిండ్రు, ఫొటో దిగి పోతున్నరు. నా పిల్లలను అట్ల తిప్పను. ఆ రోజు మాత్రం ఒక్క గంటల అయిపోగొట్టిన. ఆ బాబు బుక్కుల "1213" అని రాసుకునే లోపల బండి ఎక్కమన్న. లక్నవరంల వేలాడే వంతెన దాటినం గని పడవ ఎక్కలే.

వచ్చేటప్పుడు ఒకన్న "తక్కువ పైసలకు గిట్లనే ఉంటది" అన్నడు. అది నాకు బాగా తాకింది. గైడు పని నేనే చేస్త, సద్ది మీరే తెచ్చుకుంటరు, అందుకే రేటు తక్కువ. బండి కాడ నేను ఎన్నడూ మిగిలించుకోలే. రేటు పెంచను. ఎవరేమన్నా పెంచను.

ఆ ఓనరు కిరాయి తగ్గిస్తనని కబురు పంపిండు. వద్దన్న. ఇకనుంచి శనివారం సాయంత్రమే బండి చూసి, ఫిట్‌నెస్ కాగితం చూసి, నంబరు మీ ఫోన్లకు పంపుత. తెల్లారి వేరే నంబరు బండి వస్తే ట్రిప్పు లేదు, పైసలు అక్కడికక్కడే వాపసు. బొగత జలపాతం కూడా ఇదే రోజుల కలపమని అడుగుతున్నరు. వాజేడు దాకా పోయి రావాలె, పిల్లలు అలిసిపోతరు, కలపను.

24 మందికి సగం పైసలు మంగళవారమే పంపిన. రాబోయే రెండో ఆదివారం ఒక్క రామప్పకే పోతున్నం, వాళ్లకు కిరాయి లేదు. నోటుబుక్కు బాబుకు, నాయనమ్మకు ముందటి సీట్లు ఆపిన. ప్రాజెక్టు అంతకంటే ముందే ఇయ్యాల్నంటే ఒక్క మాట చెప్పుండ్రి, ఆర్టీసీ బస్సుల నేనే తీసుకపోత.