కట్టులో ఉన్న కాలు, ఇంటికొచ్చిన పుస్తకాలు: అందరికీ థ్యాంక్స్

శుక్రవారం కట్టు విప్పారు. ఇంకా కుంటుతున్నాను గానీ, నల్లకుంటలో మా ఇంటి మెట్లు, అదే నన్ను పడేసిన మెట్లు, గోడ పట్టుకుని ఎక్కగలుగుతున్నాను. నడక వస్తే మళ్లీ ఆఫీసు, బస్సు, వంట అంటూ ఈ నాలుగు మాటలూ వాయిదా పడిపోతాయని ఇప్పుడే రాస్తున్నాను.

ఆరు వారాల్లో మొదటి వారం ఫోన్ చూసీ చూసీ కళ్లు మంటలెక్కాయి. "నాకో పుస్తకం చెప్పండి. ఏడుపు వద్దు, నీతులు అసలే వద్దు" అని తెలిసినవాళ్లందరికీ మెసేజ్ పెట్టాను. పెళ్లికి ముందు బాగా చదివేదాన్ని. తర్వాత పదిహేనేళ్లలో అట్ట నుంచి అట్ట దాకా చదివినవి మా వాడి పాఠ్యపుస్తకాలే. ఎవరైనా రెండు పేర్లు చెప్తారేమో అనుకుంటే, మర్నాటి నుంచి పుస్తకాలే ఇంటికి రావడం మొదలైంది.

నెల్లూరు స్నేహితురాలు మహమ్మద్ ఖదీర్‌బాబు 'దర్గామిట్ట కతలు' పంపి, "వరసగా చదవక్కర్లేదే, ఎక్కడ తెరిస్తే అక్కడ మొదలెట్టు" అంది. నెల్లూరు జిల్లాలో ఓ ముస్లిం కుటుంబంలో పిల్లాడి చిన్నతనం. నవ్వితే కాలు కదిలేది, కదిలితే ప్రాణం పోయేది, అయినా పుస్తకం మూయలేదు. ఆ నవ్వు వెనకే ఇంట్లో డబ్బుకి కటకట ఉంటుంది. దాన్ని ఆయన వేలు పెట్టి చూపించడు. నాకు నచ్చిందీ అదే.

కింది పోర్షన్‌లో గ్రూప్స్‌కి చదువుకునే తమ్ముడు రోజూ చిక్కడపల్లి లైబ్రరీకి పోతాడు. పొద్దున్నే పోకపోతే అక్కడ కుర్చీ దొరకదట. తన కార్డు మీద 'ఏడుతరాలు' తెచ్చిచ్చి, "నాకు చదివే టైమ్ లేదక్కా, మీరు చదివి కథ చెప్పండి" అన్నాడు. అలెక్స్ హేలీ 'రూట్స్'ని సహవాసి కుదించి తెలుగు చేసిన పుస్తకం, హైదరాబాద్ బుక్ ట్రస్ట్ వాళ్లది. ఏడుపు వద్దన్నాను కదా! డోలు చేసుకుందామని చెట్టు దుంగ కోసం వెళ్లిన ఆఫ్రికా కుర్రాడు కుంటా కింటేని బానిసగా పట్టుకుపోయే చోట పుస్తకం బోర్లించి కాసేపు ఫ్యాన్ చూస్తూ పడుకున్నాను. తమ్ముడికి కథ మూడు సాయంత్రాలు చెప్పాను. మూడో రోజు వాడే టీ పెట్టుకొచ్చాడు.

ఇక అసలు రుణం హనుమకొండ అత్తమ్మకి. ఆమె నాకేమీ కారు, మా ఆఫీసులో అక్క వాళ్ల అత్తగారు. అక్క దాశరథి రంగాచార్య 'చిల్లర దేవుళ్లు' చదవమంటే ఆన్‌లైన్‌లో తెప్పించాను. సరిగ్గా కథ పట్టుకున్న చోట ఒక ఫారం, అంటే కలిపి అచ్చువేసే పేజీల కట్ట, మొత్తం లేదు. 16 పేజీలు ఎగిరిపోయాయి. మార్చి ఇవ్వమని ఆ అమ్మినవాళ్లకి ఎన్ని మెయిళ్లు పెట్టినా ఉలుకూ పలుకూ లేదు. టెన్షన్ భరించలేక రాత్రి పదింటికి అక్కకి ఫోన్ చేశాను. పావుగంటలో ఆ పేజీల ఫొటోలు హనుమకొండ నుంచి వచ్చాయి. అత్తమ్మ తన పాత కాపీ దీపం కింద పెట్టి తీశారు. ప్రతి ఫొటోలోనూ ఓ మూల ఆమె బొటనవేలు ఉంది.

అంతటితో ఆగలేదు. మాది తెనాలి వైపు. పద్దెనిమిదేళ్లుగా హైదరాబాద్‌లో ఉంటున్నా, ఆ నవలలో తెలంగాణ ఊరివాళ్ల మాటలు కళ్లతో చదువుతున్నాను గానీ చెవికి ఎక్కడం లేదు. ఆ మాటే అంటే మర్నాడు అత్తమ్మ వాయిస్ మెసేజ్ పెట్టారు. "అట్ల కాదు బిడ్డా, గిట్ల చదవాలె" అని ఒక పేజీ మొత్తం చదివి వినిపించారు. దొర ముందు నిలబడ్డ మనిషి మాట వచ్చేసరికి ఆమె గొంతు సన్నబడి కిందికి జారింది. నిజాం కాలం, గడీ అనే దొర కోట, వెట్టి అనే కూలి లేని చాకిరీ... ఇవన్నీ నేను పరీక్షల కోసం బట్టీ పట్టిన మాటలు. వాళ్ల అమ్మమ్మ వెట్టికి పోయిన గడీ గోడ ఇప్పటికీ ఊళ్లో కొంత నిలబడి ఉందని ఆమె మామూలుగా చెప్తుంటే, అప్పటిదాకా చదివిన పేజీలు వెనక్కి తిప్పి మళ్లీ మొదలెట్టాను. ఆంధ్ర నుంచి ఆ గడీకి సంగీతం నేర్పడానికి వచ్చిన పాణి ఎంత బయటివాడో, పుస్తకం ముందు నేనూ అంతే బయటిదాన్ని. కథలో ప్రేమ వ్యవహారం నాకు కొంచెం సినిమాలా అనిపించింది. అదీ అత్తమ్మకి చెప్పాను. "గది గట్లనే ఉంటది తీయ్" అని నవ్వేశారు.

అబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు పరిచే అన్నకి కూడా థ్యాంక్స్. ఎవరో వారపత్రిక నుంచి చింపి బైండు చేయించుకున్న సీరియల్ ఒకటి మావారు తెచ్చారు. ఆఖరి రెండు వారాలు లేవు. అది అమ్మేటప్పుడే చెప్పి, అందుకని యాభై రూపాయలు తగ్గించాడట. నిజాయితీపరుడు.

మూడో అంతస్తు మాస్టారికి మాత్రం క్షమాపణలు. శ్రీపాద సుబ్రహ్మణ్యశాస్త్రి గారి ఆత్మకథ 'అనుభవాలూ జ్ఞాపకాలూనూ' ఇచ్చారు. వైదికం, సంస్కృతం వదిలి తెలుగులో రాయాలని ఆయన పడ్డ పంతం గొప్పదే. ఆ వాక్యాలు పైకి చదువుకుంటే గోదావరి జిల్లా ఇంటి అరుగు మీద కూర్చున్నట్టే ఉంటుంది. కానీ మాస్టారూ, చాలా నెమ్మదిగా నడుస్తుంది, నా కాలు కన్నా నెమ్మదిగా. సగంలో ఉన్నాను. ఇంకో రెండు వారాలు ఉంచుకోనివ్వండి. నూట పన్నెండో పేజీ మీద ఉన్న పప్పుచారు మరక నాదే, మా వాడిది కాదు.