తమ్ముణ్ణి మళ్లీ నిలబెట్టినవాళ్లందరికీ

కారు నడుపుతూ ప్రమాదానికి గురైన మా తమ్ముడు ఇప్పుడు కర్ర సాయం లేకుండా నడుస్తున్నాడు. ఇన్నాళ్లూ చాలామంది ఫోన్లు ఎత్తలేకపోయాం, అందుకే అందరికీ కలిపి ఇక్కడ రాస్తున్నాను.

ముందుగా ఆ రాత్రి ఆగిన దంపతులకు. మీ పేర్లు కూడా మాకు తెలియవు. వాణ్ణి కారులోంచి లాగబోతున్నవాళ్లను మీరే ఆపారట. మంటల్లేవు, పొగ లేదు, మెడ కదిలించొద్దని చెప్పి అంబులెన్స్ వచ్చేదాకా తల కదలకుండా పట్టుకున్నారట. కాలు విరిగింది కనిపిస్తూనే ఉంది గానీ, మెడ ఎముక చిట్లిన సంగతి స్కాన్ తీస్తే గానీ తెలియలేదు. డాక్టర్లకు, నర్సులకు, రక్తం ఇచ్చినవాళ్లకు, ఫిజియోథెరపీ చేయించిన మేడమ్‌కు (ఆవిడ తిట్లకు కూడా) దండాలు.

వెనక సీట్లో ఉన్న వాడి ఫ్రెండ్‌కు: స్పీడు ఎంతో, కారులో ఎంత గోల చేస్తున్నారో దాచకుండా చెప్పావు. లేకపోతే మేము రోడ్డును తిట్టుకుంటూ కూర్చునేవాళ్లం.

ఎక్కువ చెప్పాల్సింది డ్రైవింగ్ మాస్టారి గురించి. అందరూ కుర్రతనం, పొగరు అంటుంటే ఆయన మాత్రం కొత్తవాళ్ల చూపు బానెట్ దాటి ఎక్కువ దూరం పోదన్నారు. ఒంటరిగా నడిపే మొదటి నెలల్లోనే ప్రమాదాలు ఎక్కువని, చీకటి పడినా, తోటి వయసువాళ్లు ఎక్కినా అవి ఇంకా పెరుగుతాయని చెప్పారు. న్యూజిలాండ్‌లో 1987లోనే కొత్త డ్రైవర్లకు ఈ రెండింటి మీదా ఆంక్షలు పెట్టారట. తర్వాత కాగితం మీద లెక్క వేయించారు. గంటకు 80 కిలోమీటర్ల వేగంలో కారు సెకనుకు 22 మీటర్లు పోతుంది, అంటే కాలు బ్రేకు మీదికి వెళ్లేలోపే ముప్పై మీటర్లు దాటొచ్చు. 60 నుంచి 80కి పెంచితే గుద్దుకునే శక్తి దాదాపు 78 శాతం పెరుగుతుంది. ఈ లెక్క చూశాక వాడు చాలాసేపు మాట్లాడలేదు.

స్టీరింగ్ మాత్రం వెంటనే ఇవ్వలేదు. నేను నడుపుతుంటే వాణ్ణి పక్కన కూర్చోబెట్టి, కనిపించినవన్నీ పైకి చెప్పమన్నారు. ఆగిన బస్సు ముందు నుంచి ఎవరైనా రావచ్చు, ఆ బైకు అద్దం చూడకుండా తిరగొచ్చు, ఇలా. భయపెట్టి నేర్పేవాళ్లను చాలామందిని చూశాను, చూడటం నేర్పిన మనిషిని ఈయన్నే చూశాను.

ఇప్పుడు పగటిపూట, పక్కన మేమెవరమైనా ఉంటేనే నడుపుతున్నాడు. కాబట్టి వాడి ఫ్రెండ్స్ అందరికీ ఒక్క మాట: లాంగ్ డ్రైవ్‌లకు ఇప్పుడే పిలవకండి, చూడాలనిపిస్తే ఇంటికి రండి.