ఏరు ముందు, పట్టాలు తరువాత

నిషికసాయి, టోక్యో

చిరంజీవి మైత్రిని ఆశీర్వదించి నాన్న వ్రాయునది. ఇక్కడ నేనూ అమ్మా క్షేమం. నువ్వూ అక్కడ క్షేమంగా ఉన్నావని తలుస్తాను.

హైదరాబాదులో నీ గదిలో 90 సెంటీమీటర్ల పొడవు, 60 సెంటీమీటర్ల వెడల్పు గల బల్ల ఒకటి ఖాళీ అయిందనీ, దాని మీద జపాన్ రైలు మార్గం నమూనాను కట్టాలని ఉందనీ నువ్వు రాసిన ఉత్తరం చదివి నాకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు. జంట పట్టాలు వేసి షిన్‌కాన్‌సెన్ బుల్లెట్ రైలు నడపనా, లేక ఏదైనా పల్లె మార్గం కట్టనా అని అడిగావు. పల్లె మార్గమే కట్టమ్మా.

టోక్యో నుంచి ఒసాకా వైపు పరుగెత్తే షిన్‌కాన్‌సెన్‌కు 16 పెట్టెలు, సుమారు 400 మీటర్ల పొడవు. 9 మిల్లీమీటర్ల పట్టాల మీద నడిచే ఎన్ గేజ్ అనే నమూనా రైళ్ల కొలతలో షిన్‌కాన్‌సెన్ నమూనాలను 160వ వంతుకు చేస్తారు కనుక ఆ రైలు రెండున్నర మీటర్లు అవుతుంది. నీ బల్ల మీద మామూలు మలుపులతో చుట్టు వేస్తే పట్టాల మొత్తం పొడవు రెండున్నర మీటర్లకు చేరదు, అంటే మార్గం కన్నా రైలే పొడవు. నాలుగు పెట్టెలకు కుదించి తిప్పుకునేవారు ఉన్నారు, వారి సరదా వారిది. నాకు మాత్రం పొడవు తెగ్గొట్టిన షిన్‌కాన్‌సెన్ కన్నా, ఉన్నది ఉన్నట్టుగా ఒదిగే ఒంటి డీజిల్ పెట్టె ఎక్కువ నచ్చుతుంది. కిహా 40 అనే డీజిల్ పెట్టె అసలు పొడవు 21.3 మీటర్లు. ఇలాంటి పల్లె రైళ్ల నమూనాలను ఎన్ గేజ్‌లో 150వ వంతుకు చేస్తారు, ఆ లెక్కన అది 142 మిల్లీమీటర్లు. ఒక్క పెట్టే మొత్తం రైలు.

తదామి మార్గం నీకు తెలిసినదే కదా. ఫుకుషిమాలోని ఐజు-వకమాత్సు నుంచి నీగాతాలోని కొయిదే దాకా 135.2 కిలోమీటర్ల ఒంటి దారి, పైన విద్యుత్ తీగలు లేని దారి. నీ బల్ల 90 సెంటీమీటర్లు 150వ వంతున 135 మీటర్ల నేల అవుతుంది. అంటే ఆ మార్గంలో దాదాపు వెయ్యో వంతు నీ చేతికి వస్తుంది. వెయ్యో వంతులో అన్నీ పట్టవు. ఒక ఏటి ఒడ్డు, ఒక చిన్న హాల్టు, నాలుగిళ్లు, రెండు మూడు వరిమళ్లు, ఒక రైల్వే గేటు చాలు. సందర్శకులందరూ ఫొటోలు తీసుకునే మొదటి తదామి నది ఆర్చి వంతెన జోలికి వెళ్లవద్దు. అది వచ్చి కూర్చుంటే మిగతా దేనికీ చోటు మిగలదు. కొండవాగును దాటే చిన్న గర్డరు వంతెన పెట్టు. కాటో కంపెనీ అమ్మే 186 మిల్లీమీటర్ల గర్డరు వంతెన అసలు కొలతలో సుమారు 28 మీటర్లు, కొండవాగుకు అది చక్కగా సరిపోతుంది.

ఇప్పుడు అసలు మాటకు వస్తాను. చాలామంది ముందు పట్టాలు పరిచి, రైలు తిప్పి చూసుకుని, మిగిలిన ఖాళీలలో కొండలు, ఇళ్లు అతికిస్తారు. అలా కట్టినదానిలో కొండ ఎందుకు అక్కడ ఉందో, ఏరు ఎటునుంచి ఎటు పోతోందో చూసేవారికి బోధపడదు. నిజానికి జరిగింది దీనికి తారుమారు. నది లోయను కోసింది, లోయలో చదునుగా దొరికిన చోట మనుషులు మడి చేసుకున్నారు, మడికి పనికిరాని వాలులో ఇళ్లు వేసుకున్నారు, మిగిలిన సన్నని అంచు మీద రైలు కట్ట పోశారు. తదామి విషయంలో ఇది ఇంకా స్పష్టం: ఐజు-కవగుచి నుంచి తదామి దాకా ఉన్న ముక్కను 1957లో వేసింది తాగోకురా ఆనకట్ట నిర్మాణానికి సరుకు చేరవేయడం కోసమే. ఆ దారి ప్రయాణికులకు 1963లో అందింది, కొండ అవతల నీగాతా వైపు కొయిదేతో కలిసి మార్గం పూర్తయింది 1971లో. నది లేకపోతే ఆనకట్ట లేదు, ఆనకట్ట లేకపోతే ఆ పట్టాలు లేవు. అందుకని నువ్వు బల్ల మీద మొదట గీయవలసినది ఏటి గీత.

బల్ల మీద నేరుగా పట్టాలు పరిస్తే ఏరు పారడానికి పల్లం ఉండదు. థర్మాకోల్ కన్నా గట్టిగా ఉండే ఫోమ్ పలకను 5 సెంటీమీటర్ల మందాన పరిచి, పట్టాలు దాని పైన వేసి, ఏటి కోసం ఫోమ్‌ను అడుగుదాకా కోసెయ్యి. ఘాటు వాసన వచ్చే జిగురు ఏదీ ఫోమ్‌కు తగలనివ్వకు, అది ఫోమ్‌ను కరిగించేస్తుంది. తెల్ల ఫెవికాల్ చాలు. ఏటి గీతను, పట్టాలను కూడా బల్ల అంచుకు సమాంతరంగా కాక కాస్త ఏటవాలుగా పెట్టు. సమాంతరంగా పెడితే చూసేవారి కన్ను ముందు బల్లను పట్టుకుంటుంది, లోయను కాదు.

నీ బల్లలో ఇమిడే మలుపు 249 మిల్లీమీటర్ల వ్యాసార్ధం గలది. అసలు కొలతలో అది 37 మీటర్లు. తదామి లాంటి కొండ దారిలో పెద్ద రైలు అంత బిగువుగా తిరగదు. 200 మీటర్ల మలుపునే ఇంజనీర్లు గట్టి మలుపు అంటారు, దాన్ని ఉన్నదున్నట్టు చేయాలంటే ఒకటింబావు మీటర్లకు పైగా వ్యాసార్ధం కావాలి. కనుక రెండు చివర్ల మలుపులనూ కనబడనివ్వకు. ఒకదానిని సొరంగంలో పెట్టు, రెండోదాని ముందు దేవదారు తోపు నాటు. రైలు ఎక్కడో దూరం నుంచి వచ్చి ఎక్కడికో పోతున్నట్టు ఉండాలంటే అది కాసేపు కళ్లకు దూరం కావాలి.

కొలతల విషయంలో ఇంకొకటి తెలుసుకో. జపాన్ పల్లె రైళ్ల పట్టాల మధ్య దూరం 1067 మిల్లీమీటర్లు. దాన్ని 150తో భాగిస్తే 7.1 మిల్లీమీటర్లు రావాలి, కాని ఎన్ గేజ్ పట్టా ఎక్కడైనా 9 మిల్లీమీటర్లే. కాటో 1965లో మొదటి జపాన్ ఎన్ గేజ్ రైలు తెచ్చిన నాటి నుంచి ఇదే ఒప్పందం. పైనుంచి చూస్తే పట్టాలు పెట్టెకు తగినదానికన్నా వెడల్పుగా అనిపిస్తాయి, పక్కనుంచి చూస్తే ఆ తేడా తెలియదు. అందుకే బల్లను నువ్వు కూర్చున్నప్పుడు నీ కంటి ఎత్తుకు వచ్చేలా పెట్టుకో.

తదామి నీటి మీద అలలు వెతకకు. వరుసగా కట్టిన ఆనకట్టల వల్ల నది చాలాచోట్ల చెరువు నీళ్లలా నిలిచి, పచ్చగా, కొండల నీడలను పట్టుకుని ఉంటుంది. అడుగున నడిమధ్య ముదురు ఆకుపచ్చ, ఒడ్డుకు వచ్చేకొద్దీ మట్టి కలిసిన లేత రంగు వేసి, పూర్తిగా ఆరాక పారదర్శకమైన అక్రిలిక్ వార్నిష్‌ను పలుచగా పొర మీద పొర వెయ్యి. ఒక్కసారే మందంగా పోస్తే లోపల తెల్లగా మసకబారుతుంది. వాగు సంగతి వేరు, అది దూకుతూ వస్తుంది కనుక రాళ్ల వెనుక కొద్దిగా తెల్ల రంగు తగిలించు.

వరిమడి గురించి నీకు నేను చెప్పేదేముంది, తాతగారి ఊళ్లో గట్ల మీద నడిచిన దానివి. అక్కడి కన్నా ఇక్కడి మళ్లు చిన్నవి, వాలును బట్టి మెట్లు మెట్లుగా ఉంటాయి, ప్రతి మడి మాత్రం నీటి మట్టానికి చదునుగానే ఉండాలి. మడికి నీరు వచ్చే బోదె ఎక్కడ మొదలైందో, పై మడి నుంచి కింది మడిలోకి ఎక్కడ దిగుతుందో గీసుకున్నాకే గట్లు వెయ్యి. ఆ మార్గం పోయే ఐజు సీమలో నాట్లు మే నెల పని. అప్పుడైతే మళ్లు అద్దాలు, నారు రెండు మూడు మిల్లీమీటర్ల పోగులు. సెప్టెంబరు చివరికి బంగారు రంగు. కోతలయ్యాక వరికొయ్యలు, బూడిద రంగు మట్టి. నెల మారితే చెట్ల రంగు, మనుషుల బట్టలు, ఏటి మట్టం అన్నీ మారాలి.

కంకర పని ఓపికతో చెయ్యాలి. కాటో వారి యూనిట్రాక్ పట్టాలకు ప్లాస్టిక్ కంకర కట్ట ముందే ఉంటుంది, కాని దాని మెరుపు బొమ్మ మెరుపు. ముందు పట్టాల పక్కలకు తుప్పు రంగు వేసి, పై అంచును వెంటనే గుడ్డతో తుడిచెయ్యి. తరువాత సన్నని కంకర పొడిని స్లీపర్ల మధ్య చెంచాతో పోసి, మెత్తని బ్రష్‌తో సర్ది, స్లీపర్ల మీద ఒక్క గింజ కూడా లేదని నిర్ధారించుకో. గిన్నెలు తోమే సబ్బు ఒక చుక్క కలిపిన నీటిని మంచులా చల్లు. సబ్బు లేకపోతే జిగురు లోపలికి ఇంకదు, గుండ్రని బొట్టులా పైనే నిలిచి గింజలను లాక్కుపోతుంది. కంకర తడిశాక, రెండింతల నీటితో పలుచన చేసిన ఫెవికాల్‌ను డ్రాపర్‌తో స్లీపర్ పక్కన వదులు. అది గింజల సందుల్లో తెల్లగా పాకడం కంటికి కనిపిస్తుంది, తెల్లవారేసరికి ఆ తెలుపు మాయమై కట్ట రాయిలా గట్టిపడుతుంది. దారి రెండుగా చీలే పాయింట్లలో కదిలే భాగాలకు మాత్రం దీనిని ఆమడ దూరాన ఉంచు. కంకర రంగు కొత్త బూడిద రంగు కాకుండా కొంచెం గోధుమ వైపు ఉండనీ. బ్రేకుల నుంచి రాలే ఇనుప పొడి తుప్పుపట్టి అసలు కట్ట అలాగే మారుతుంది, బండి ఆగే హాల్టు దగ్గర మరీ ఎక్కువ.

ఊరిని జపాన్ ఊరుగా చూపేవి గుడి ముందరి తోరీ ద్వారం, చెర్రీ పూలు అని అనుకోకు. వంపు తిరిగే సందు మొగలో నారింజ రంగు స్తంభానికి బిగించిన గుండ్రని అద్దం, కాంక్రీటు కరెంటు స్తంభాల మీద డ్రమ్ముల్లాంటి ట్రాన్స్‌ఫార్మర్లు, కొండ జారకుండా పోసిన కాంక్రీటు గడుల గోడ, హాల్టు పక్కన పానీయాలు అమ్మే యంత్రం, ఇవి ఉంటే చాలు. ఆ యంత్రం నిజంగా 183 సెంటీమీటర్లు, నీ బల్ల మీద 12 మిల్లీమీటర్లు, నిలబడిన మనిషి కన్నా కాస్తే ఎత్తు. గేటు దగ్గర పసుపు నలుపు చారల కొయ్య, ఒకటి వెలిగితే ఒకటి ఆరే రెండు ఎర్ర దీపాలు. ఇక్కడ గేటు తెరిచి ఉన్నా ప్రతి బండీ ఆగి చూసుకునే పోవాలని చట్టం, కనుక నువ్వు పెట్టే చిన్న ట్రక్కును పట్టాల మీద కాక గీత ముందర ఆపు. ఐజు మంచు దేశం, ఇళ్ల కప్పులు బాగా వాలుగా, ఎరుపు నీలం రంగుల రేకులతో ఉంటాయి. టోమీటెక్ కంపెనీ వారి తయారు నమూనా ఇళ్లలో పెంకుల కప్పులే ఎక్కువ, కప్పు తీసి సన్నని గీతల ప్లాస్టిక్ రేకు వేసుకో.

చెట్లను పొట్టిగా చెయ్యకు, అందరూ అక్కడే పిసినారులవుతారు. 20 మీటర్ల దేవదారు 13 సెంటీమీటర్లు ఉండాలి, రైలు దాని పాదాల దగ్గర పాకాలి.

స్థలం, సంవత్సరం, బండి ఒకదానితో ఒకటి పొసగాలి. 2011 జులై వరదలో ఐజు-కవగుచి, తదామిల మధ్య మూడు వంతెనలు కొట్టుకుపోయి, 27.6 కిలోమీటర్ల ముక్క మూతపడింది. 2022 అక్టోబరు 1న మళ్లీ తెరిచారు. ఈలోగా 2020 మార్చిలో కిహా 40 బళ్లు ఆ మార్గం నుంచి తప్పుకుని కిహా ఇ120 బళ్లు వచ్చాయి. నీకు ఇష్టమైన, తెలుపు మీద పచ్చ చారల కిహా 40 ఆ ముక్క మీదే నడవాలంటే కాలం 2011 వరదకు ముందైనా కావాలి, లేదా చోటు కవగుచికి వకమాత్సు వైపైనా జరగాలి. నాకు రెండోదే ఇష్టం. ఊరి కప్పులన్నీ నీటిలో కనిపించే ఓషి గ్రామం ఆ దగ్గరే ఉంది.

కంట్రోలర్ విషయంలో జాగ్రత్త. ఇక్కడి కరెంటు 100 వోల్టులు. అడాప్టర్ మీద 100 నుంచి 240 దాకా అని ఉంటేనే మన గోడ ప్లగ్గులో పెట్టు, లేకపోతే కాలిపోతుంది. దుమ్ముకు మూత చేయించు, పట్టాలను ఆల్కహాల్ తడిపిన గుడ్డతో తరచు తుడు.

గర్డరు వంతెన, కంకర పొడి నేను పార్సెల్ చేస్తాను. గడ్డి పొడి రంగులు మాత్రం నువ్వు నెల తేల్చి రాశాకే కొంటాను. మే నెల అయితే లేత పచ్చ, సెప్టెంబరు అయితే గోధుమ, పసుపు. ముందు ఏటి గీత గీసి, ఆ కాగితం ఫొటో తీసి పంపు.

ఇట్లు
మీ నాన్న