2024–25 వార్షిక నివేదిక, టీ ఖర్చు మీద కార్యదర్శి వివరణతో సహా

సభ్యులందరికీ నమస్కారం.

పోయిన ఏడాది సర్వసభ్య సమావేశంలో మన కోశాధికారి గారు లేచి, "మనది పాత రేడియోలు, నాణేలు, స్టాంపులు చూసుకునే సంఘమా, టీ తాగే సంఘమా?" అని అడిగారు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. కానీ ఆ మాట మినిట్స్ పుస్తకంలోకి ఎక్కింది. దాని కింద "కార్యదర్శి వచ్చే నివేదికలో వివరణ ఇవ్వవలెను" అని కూడా ఎక్కింది. అందుకే ఈసారి నివేదిక ఎప్పటిలా ఒక పేజీలో తేలలేదు.

ముందు లెక్క చెప్పేస్తాను, దాచి లాభం లేదు. ఏప్రిల్ 2024 నుంచి మార్చి 2025 దాకా చందాల కింద వచ్చింది 26,200 రూపాయలు. ముగ్గురు కలిసి ఇంకా 700 ఇవ్వాలి. పేర్లు రాయను, వాళ్లకే తెలుసు. టీ బంకుకు కట్టింది 19,870. కండెన్సర్లు, వాల్వులు, వైర్లు, సోల్డరింగ్ సీసం, స్టాంపుల ఆల్బం కవర్లు అన్నీ కలిపి 4,215. జిరాక్సులకు, సమావేశం రోజు కుర్చీల బాడుగకు 1,150. పూలదండకు, ఆటోకు 600. ఏడాదికి మిగిలింది 365. పాత నిల్వ 1,940 కలిపితే చేతిలో ఉన్నది 2,305 రూపాయలు. అంటే సామాను మీద పెట్టినదానికి దాదాపు అయిదింతలు టీ మీద పెట్టాం. పోయినేడు నాలుగింతలే. కోశాధికారి గారు అడిగింది న్యాయమే.

అయితే 19,870 అంటే పది రూపాయల గ్లాసులు 1,987. రోజుకు అయిదున్నర గ్లాసులు. కోటిరెడ్డి సర్కిల్ దగ్గర మన బెంచీ మీదకు పొద్దున వచ్చేది ఏడెనిమిది మంది. అందులో ఇద్దరికి షుగరు, వాళ్లది ఎప్పుడూ వన్ బై టూ. ఆ 1,987లో కోశాధికారి గారివి ఎన్నో నేను తీయలేదు. అందరికంటే ముందు వచ్చి కూర్చునేది ఎవరో బంకు అబ్బాయిని అడిగితే చెబుతాడు.

ఇక ఈ ఏడాది జరిగిన పనులు.

జులైలో ప్రొద్దుటూరు నుంచి ఒక వాల్వ్ రేడియో, అంటే ట్రాన్సిస్టర్లకు ముందు కాలపు, గాజు వాల్వులతో పనిచేసే సెట్టు, వచ్చింది. మన సభ్యులొకరి మేనమామ గారి ఇంట్లో అటక మీద ముప్పై ఏళ్లు పడి ఉన్నది. అలాంటి సెట్టును తుడిచి నేరుగా ప్లగ్గులో పెట్టకూడదని రేడియోలు బాగుచేసే మన భాయ్ ఎప్పుడూ చెబుతుంటారు. లోపలి కండెన్సర్లు ఎండిపోయి ఉంటాయి. ఒక్కసారిగా కరెంటు పడితే అవి షార్ట్ అయి, పోతూపోతూ ట్రాన్స్‌ఫార్మర్‌ను కూడా తీసుకుపోతాయి. అందుకని మధ్యలో 100 వాట్ల పాత రకం బల్బును సిరీస్‌లో, అంటే కరెంటు ఆ బల్బు గుండానే సెట్టుకు చేరేలా, కలిపి ఇవ్వాలి. బల్బు ధగధగా వెలిగి అట్లే ఉండిపోతే లోపల షార్ట్ ఉన్నట్టు. ఒకసారి వెలిగి మెల్లగా మసకబారితే సెట్టులో ప్రాణం ఉన్నట్టు. ఎల్‌ఈడీ బల్బు ఈ పనికి రాదు, తీగ కాలే బల్బే కావాలి. ఆ బల్బు కోసం భాయ్ నాలుగు రోజులు ఎలక్ట్రికల్ షాపులన్నీ తిరిగారు. "అవి ఇప్పుడు ఎవరు కొంటారు సార్" అన్నారట ప్రతిచోటా.

అయిదో రోజు బెంచీ మీద ఆయన ఇదే గొణుక్కుంటున్నారు. రేడియో అంటే ఆసక్తే లేని మన లారీ ఆఫీసు అన్న టీ ఊదుకుంటూ, "మా తమ్ముడు కోడిపిల్లలకు వెచ్చదనం కోసం పెట్టేది ఆ బల్బులే కదబ్బా" అన్నారు. మరునాటికి రెండు బల్బులు వచ్చాయి, పైసా ఖర్చు లేకుండా.

ఆ సాయంత్రం భాయ్ ఇంట్లో అయిదుగురం నిలబడి చూశాం. స్విచ్ వేయగానే బల్బు వెలిగింది. ఎవరూ మాట్లాడలేదు. మెల్లగా ఎర్రబడి, తర్వాత మసకబారింది. భాయ్ అప్పుడు ఊపిరి వదిలారు. అర నిమిషం దాకా సెట్టు నుంచి చప్పుడు లేదు. వెనక అట్ట తీసి ఉంది కాబట్టి వాల్వుల లోపల సన్నటి నిప్పుకణిక లాంటి వెలుగు కనబడింది. వేడెక్కిన దుమ్ము వాసన వచ్చింది. ఆ తర్వాత "గుంయ్" మని హమ్మింగ్. ఫిల్టర్ కండెన్సర్లు పోయాయని ఆ శబ్దంతోనే పోల్చుకున్నారు భాయ్. రెండింటికీ కలిపి 180 రూపాయలు. వాటిని మార్చాక ముల్లు తిప్పితే 900 కిలోహెర్ట్జ్ దగ్గర మన కడప కేంద్రం గొంతు గదంతా నిండింది. సెట్టు యజమాని మేనల్లుడు కళ్లు తుడుచుకున్నారు. దుమ్ము పడిందన్నారు.

ఇందులో 180 రూపాయలు రిపేరు ఖాతాలో రాశాం. బల్బు దొరికిన పొద్దున తాగిన టీ మాత్రం టీ ఖాతాలోనే ఉంది. నా వివరణ ఇట్లాంటిదే, ఇంకా రెండు ఉన్నాయి.

బ్యాంకు సార్‌ది మరో కథ. తెల్లవారుజామున అయిదున్నర కాగానే ఆయన రేడియోలో గరగర మొదలయ్యేది. కేంద్రంవాళ్లు ప్రసారం సరిగా చూసుకోవడం లేదని రెండు నెలలు కోపంగా ఉండి, చివరికి ఒక ఫిర్యాదు ఉత్తరం కూడా రాసేశారు. బెంచీ మీద ఆ ఉత్తరం నకలు చదివి వినిపిస్తుంటే, కరెంటు డిపార్ట్‌మెంటులో చేసి రిటైరైన మన లైన్ ఇన్‌స్పెక్టర్ గారు అడ్డుపడి, "సార్, ఆ టైముకు మీ ఇంట్లో ఏ స్విచ్ వేస్తారు?" అని అడిగారు. ఆలోచిస్తే దేవుడి గదిలో లైటు. చవక ఎల్‌ఈడీ బల్బు. కొన్ని బల్బుల లోపలి చిన్న సర్క్యూటు మీడియం వేవ్‌లో గోల చేస్తుంది. ఫోన్ ఛార్జర్లు కొన్ని కూడా అంతే. బల్బు మార్చారు, గరగర పోయింది. ఫిర్యాదు వెనక్కి తీసుకుంటున్నట్టు యాభై పైసల కార్డు రాసి పడేయించింది మన స్టాంపుల సభ్యులే.

డిసెంబరు రెండో వారంలో పాలకొండల వైపు ఊరి బయటికి రేడియో వినడానికి వెళ్లాం. తెల్లవారుజామున నాలుగున్నరకు బయల్దేరాలంటే సగం మంది వెనక్కి తగ్గారు. ఆరుగురం వెళ్లాం, మంకీ క్యాపులతో. కరెంటు తీగలు దూరమయ్యే కొద్దీ ట్రాన్సిస్టర్ ఎంత శుభ్రంగా పలికిందో వచ్చినవాళ్లకే తెలుసు. హైదరాబాద్ 738, విజయవాడ 837 పక్కింట్లో మాట్లాడుతున్నట్టు వినిపించాయి. వాటి మధ్య కన్నడం, తమిళం, ఏదో తెలియని భాషలో పాట. సెట్టును పట్టుకుని అటూ ఇటూ తిప్పితే స్టేషన్ పెరగడం, తగ్గడం అందరం చేసి చూశాం. లోపల ఏరియల్ ఒక నల్లటి కడ్డీ. దాని కొన స్టేషన్ వైపు తిరిగితే శబ్దం పడిపోతుంది, అడ్డంగా ఉంటే లేస్తుంది. తూర్పున ఎర్రబడే కొద్దీ దూరపు స్టేషన్లు ఒక్కొక్కటే పల్చబడ్డాయి. పగటి ఎండకు పైన ఆకాశంలో ఒక పొర తయారై మీడియం వేవ్‌ను మింగేస్తుందనీ, పొద్దుగూకితే ఆ పొర పోయి ఇంకా పైనున్న పొర ఆ తరంగాలను కిందికి తిప్పి కొడుతుందనీ భాయ్ చెప్పారు. ఈ సంగతి చాలామందికి చదివి తెలుసు. కళ్లెదుట, చెవులెదుట అనాలేమో, జరుగుతుంటే వినడం వేరు. ఆ మరునాడు బెంచీ మీద ఇదే మాట్లాడుకోవాల్సింది. కానీ డిసెంబరు 12న పద్దెనిమిదేళ్ల గుకేశ్ చెస్‌లో ప్రపంచ చాంపియన్ కావడంతో రేడియో మాట ఎత్తినవాడు లేడు.

ఆగస్టులో మన టెలిగ్రాఫ్ మాస్టారు పోయారు. ఇది రాయడం నాకు కష్టంగానే ఉంది. 2013 జులైలో టెలిగ్రాం సేవ ఆగిపోయినప్పుడు ఆయన అప్పటికే రిటైరై చాలా ఏళ్లు. అయినా ఆ రోజు అన్నం తినలేదని వాళ్లింట్లో చెప్పారు. బెంచీ మీద ఆయన టీ నోటితో అడగడం నేను చూడలేదు. చెంచాతో గాజు గ్లాసు మీద కొట్టేవారు. ఇంగ్లీషులో టీ అన్న మాటకు అక్షరాలు మూడు. టెలిగ్రాఫులో వాడిన చుక్కల, గీతల సంకేతం మోర్సులో మొదటిదానికి ఒక గీత, రెండోదానికి ఒక చుక్క, మూడోదానికి ఒక చుక్క, ఒక గీత. మొత్తం నాలుగు దెబ్బలు. "ఇంతకంటే తక్కువ ఖర్చులో టెలిగ్రాం ఉండదబ్బా" అనేవారు. బంకు అబ్బాయి మొదట్లో విసుక్కున్నాడు, తర్వాత నేర్చుకున్నాడు. ఇప్పుడు మనలో ఎవరు గ్లాసు మీద కొట్టినా వాడు లెక్కపెట్టి, నాలుగు సరిగా పడితేనే టీ ఇస్తాడు. లారీ ఆఫీసు అన్నకు ఇప్పటికీ రెండో చుక్క తప్పుతుంది. లెక్కల్లో పూలదండ, ఆటో అని ఉన్నది మాస్టారి కోసమే. ఆయన చందా ఆగస్టు దాకా కట్టి ఉంది. సభ్యుల సంఖ్య 23 నుంచి 22 అయింది.

ఫిబ్రవరి 13 ప్రపంచ రేడియో దినోత్సవం. 1946లో అదే రోజున ఐక్యరాజ్యసమితి రేడియో మొదలైంది. ఆ సందర్భంగా ఊళ్లోని ఒక బళ్లో ఏడు రేడియోలతో ప్రదర్శన పెట్టాం. ఏడింటిలో పలికినవి అయిదు. ఒకటి దారిలో ఆటో కుదుపులకు మూగబోయింది. ఇంకొకటి నాది. ఆలస్యమైందన్న టెన్షన్‌లో సిరీస్ బల్బు లేకుండా నేరుగా ప్లగ్గులో పెట్టాను. "ఠప్" మంది, పొగ వచ్చింది, పిల్లలు చప్పట్లు కొట్టారు. అది కూడా ప్రదర్శనలో భాగమే అనుకున్నారు పాపం. భాయ్ నావైపు చూసిన చూపు ఇంకా మరిచిపోలేదు. ఆ సెట్టు ఖర్చు నేనే పెట్టుకుంటున్నాను, సంఘం లెక్కల్లో లేదు. పలుకుతున్న సెట్ల దగ్గర ఒక అమ్మాయి పాట విని, "తాతా, మళ్లీ మొదటినుంచి పెట్టు" అంది. కుదరదమ్మా, అయిపోతే అయిపోయినట్టే అన్నాను. నమ్మలేదు.

నాణేల విభాగం మొత్తం టీచరక్కయ్యదే. ఈ ఏడు ఆమె చిల్లుకాణీ పట్టుకొచ్చారు. 1943లో, యుద్ధకాలంలో లోహం ఆదా కోసం మధ్యలో పెద్ద చిల్లుతో కొట్టిన పైసా. తాడుకు గుచ్చి మెడలో వేసుకునేవాళ్లమని పెద్దవాళ్లు గుర్తుచేసుకున్నారు. "చిల్లిగవ్వ లేదు" అన్న మాట దీన్నుంచే వచ్చిందని బ్యాంకు సార్, కాదు నాణేల కంటే ముందు గవ్వలే చెల్లాయని అక్కయ్య. రెండు పొద్దులు వాదించుకున్నారు. నేను అక్కయ్య వైపే. ఆ మాటల్లోనే 1957 ఏప్రిల్ 1న నయా పైసలు వచ్చిన సంగతి వచ్చింది. రూపాయికి పదహారణాలు, కొత్త లెక్కన వంద పైసలు, అంటే అణాకు ఆరుంపావు. పావు పైసా ఎక్కడుంది? అణా ఇస్తే అంగడాయన ఆరు పైసల సరుకే ఇచ్చేవాడట. "ఆ పావు నాకు ఇంకా బాకీ" అన్నారు అప్పటికి పదేళ్ల పిల్లాడైన మన లైన్ ఇన్‌స్పెక్టర్ గారు.

స్టాంపుల వాళ్లు పెద్దగా ఏమీ చేయలేదు. 2005కు ముందరి, ఇంగ్లీషులో పాత స్పెల్లింగుతో "కడ్డపా" అని ముద్ర పడ్డ కవర్లు పోగు చేస్తున్నారు. మీ ఇళ్లలో ఉంటే ఇవ్వండి, స్టాంపు చించకుండా.

సామాను పెట్టుకోవడానికి ఒక చిన్న గది కావాలని ఒక ఆఫీసుకు మూడుసార్లు అర్జీ ఇచ్చాం. మూడుసార్లూ తీసుకున్నారు. అంతవరకే.

మార్చి నెల టీ బిల్లు బాగా తగ్గింది. రంజాన్ నెల మార్చి 2న మొదలైంది కదా, భాయ్ టీ మానేశారు. బెంచీ మాత్రం మానలేదు. ఆయన ఎదురుగా తాగడానికి మాకు మొహమాటం, తాగండి సామీ అని ఆయన బలవంతం. చివరికి చాలామందికి తాగబుద్ధి కాలేదు. 30న ఉగాది పడింది. ఆ రోజు దేవుని కడప గుళ్లో ఎప్పటిలాగే ముస్లిం కుటుంబాలు వచ్చి మొక్కులు చెల్లించుకున్నాయి. మన పచ్చడిలో భాయ్ వాటా సాయంత్రం ఉపవాసం విడిచే వేళకు ఇంటికి పంపించాం. 31న పండగ. ఆయన ఇంటి నుంచి పెద్ద గిన్నెలో శీర్ ఖుర్మా బెంచీ దగ్గరికే వచ్చింది. మన ఆర్థిక సంవత్సరం ముగిసింది ఆ రోజే. ఆ గిన్నె ఏ ఖాతాలోనూ రాయలేదు.

వచ్చే ఏడాదికి టీ ఖర్చు 18,000 దాటకూడదని కోశాధికారి గారు ఒక తీర్మానం పెడుతున్నారు. నేను దాన్ని వ్యతిరేకిస్తున్నానని ముందే తెలియజేస్తున్నాను. సర్వసభ్య సమావేశం ఏప్రిల్ 20 ఆదివారం పొద్దున ఆరింటికి, ఎండ ముదరకముందే. చందా బాకీ ఉన్న ముగ్గురూ తప్పకుండా రావాలి. పేపరు కప్పులు అడుగు కారుతున్నాయి కాబట్టి ఎవరి గ్లాసు వాళ్లు తెచ్చుకోండి. ఆ రోజు తాగే టీ పాత ఏడాది లెక్కలోకా, కొత్తదానిలోకా అన్నది అక్కడే తేల్చుకుందాం.

ఇట్లు,
కార్యదర్శి
కడప